కార్టూన్ మంత్రగత్తెను మనిషిగా తీయాలంటే ముందు ఆమె గొంతు వినాలి

చెన్నైలో విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చివరి ఏడాది చదువుతున్నానని, ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలని రాశావు. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’ కార్టూన్‌లో ఉయ్యాల్లో ఉన్న పసిబిడ్డకు శాపం పెట్టే కొమ్ముల మంత్రగత్తె ఉంది కదా, మాలెఫిసెంట్, అలాంటామెను తెలుగు మాట్లాడే మనిషిగా చూపించాలని నీ ఆలోచన. ఆమె అలా తయారవడానికి ఒక ఏడుపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టమని మీ గైడ్ అంటున్నారు. నీకు మనసొప్పడం లేదు, కానీ ఆయనకేం జవాబు చెప్పాలో తోచడం లేదు. దాంతోపాటు కొమ్ములు పెట్టాలా, నవ్వు ఎలా ఉండాలి అని ఇంకో రెండు అడిగావు. మా అబ్బాయి వయసువాడివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నాది డబ్బింగ్ మాటల పని. గూడూరు నుంచి వచ్చి చెన్నై సాలిగ్రామంలో స్థిరపడి ఇరవై రెండేళ్లయింది. బయటి భాషల సినిమాలకు, కార్టూన్లకు తెలుగు మాటలు రాస్తాను. డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు నిలబడ్డవాళ్ల చేత వాటిని పలికిస్తాను. హీరో మాట కాస్త అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది, విలన్ మాట తేలిపోతే మాత్రం సినిమా మొత్తం తేలిపోతుంది. అందుకే నా కష్టమంతా విలన్ల మీదే. నా జవాబు కూడా చెవి వైపు నుంచే ఉంటుంది, కెమెరా సంగతులు తెలిసినవాళ్లు వేరే ఉన్నారు.

కార్టూన్ పని మా పనికి సరిగ్గా తలకిందులు. మా దగ్గర తెరమీద పెదాలు ముందే కదిలిపోయి ఉంటాయి. వాటికి అతికే మాట మేం వెతుక్కోవాలి. ప, బ, మ లాంటి అక్షరం పడ్డచోట నటి పెదాలు కలవాలి, కలవకపోతే చూసేవాడికి ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. కార్టూన్‌లో అలా కాదు. ముందు గొంతు రికార్డు చేస్తారు, ఆ గొంతు విని బొమ్మ గీస్తారు. కనుబొమ్మ ఎప్పుడు లేవాలి, వేలు ఎప్పుడు వంగాలి అన్నది గొంతు చెబుతుంది.

మాలెఫిసెంట్‌ను గీసినాయన మార్క్ డేవిస్. ఆ సినిమాలో రాకుమారి అరోరాను గీసిందీ ఆయనే. గొంతు ఇచ్చినామె ఎలెనార్ ఆడ్లీ. ఉత్త గొంతే కాదు, బొమ్మలు గీసేవాళ్లు చూసుకోవడానికి కెమెరా ముందు నటించి కూడా చూపించింది. అంతకుముందు 1950లో ‘సిండ్రెల్లా’ సవతి తల్లికి గొంతు ఇచ్చిందీ ఈమే. మాలెఫిసెంట్‌తో డేవిస్‌కు వచ్చిన తిప్పలేమిటంటే, ఆమె ఎవరితోనూ కలిసి ఏ పనీ చేయదు. నిలబడి చేతులెత్తి ఉపన్యాసం ఇస్తుంది, అంతే. భుజం దగ్గర ఆ పెంపుడు కాకి లేకపోతే ఆమె ఎవరితో మాట్లాడుతున్నట్టు? కదలికలేని పాత్ర అరవై ఏళ్లు దాటినా జనానికి గుర్తుందంటే అందులో పెద్ద వాటా ఆ గొంతుదే.

కొమ్ములు, పచ్చటి మొహం పక్కన పెట్టి, ఒకసారి కళ్లు మూసుకుని ఆ నామకరణం సీను విను. రాజుగారింట్లో పండగ. ఊరందరినీ పిలిచారు, ఈమెను పిలవలేదు. వచ్చింది. అరవలేదు. పిలుపు రానందుకు కొంచెం బాధపడ్డానన్నట్టు మర్యాదగా అంటుంది. రాణి భయపడుతూ మీకు కోపం రాలేదు కదా అంటే, అబ్బే, నాకెందుకు కోపం, నా మనసులో ఏమీ లేదని చూపించడానికి నేనూ బిడ్డకొక కానుక ఇస్తాను అంటుంది. ఆ కానుకే శాపం. పదహారో పుట్టినరోజు సూర్యుడు అస్తమించేలోగా రాట్నం కదురు వేలికి గుచ్చుకుని చనిపోతుందని.

ఇప్పుడు చెప్పు, ఈమె నీకు తెలియని మనిషా? మన ఇళ్లల్లో ప్రతి బారసాలకూ, ప్రతి పెళ్లికీ ఇలాంటి ఒక పెద్దమ్మో అత్తో ఉంటుంది. బొట్టు పెట్టి పిలవలేదని ఇరవై ఏళ్లు గుర్తు పెట్టుకుంటుంది. వస్తుంది, నవ్వుతుంది, బిడ్డ చేతిలో వెండి గిన్నె పెడుతుంది, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంటుంది. ఆ మాట వారం రోజులు ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టనివ్వదు. మా గూడూరులో మా నాన్నకు అక్క వరసయ్యే ఒకామె ఉండేది. ఆమె గుమ్మంలోకి వస్తుంటే మా అమ్మ ముందుగా నన్ను లోపలికి పంపేసేది. ఆమె ఎన్నడూ గొంతు పెంచగా నేను వినలేదు.

దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది, నిష్ఠూరం. కోపం కాదు, పగ కాదు, ఏడుపు కాదు, మూడూ కలిపి మర్యాదలో ముంచి తీసింది. నీ పాత్రకు కావలసింది ఇదే. ఫ్లాష్‌బ్యాక్ అవసరం లేదని ఎందుకంటున్నానో అర్థమైంది కదా. ‘పిలవలేదు’ అన్నది వేరే దేశంవాళ్లకు చిన్న కారణంగా కనిపించవచ్చు. పేరంటాలు తెలిసిన తెలుగువాళ్లకు అది పెద్ద కారణమే. నువ్వు వివరించనక్కర్లేదు, చూసేవాళ్లు తమ చుట్టాల్లోంచి ఎవరినో తెచ్చి అక్కడ నిలబెట్టుకుంటారు.

అయితే మీ గైడ్ ఊరికే అనలేదు. ఆయన మనసులో 2014లో వచ్చిన ‘మాలెఫిసెంట్’ ఉండి ఉంటుంది. ఏంజెలినా జోలీ వేసింది, రాబర్ట్ స్ట్రోంబర్గ్ తీశాడు, లిండా వూల్వర్టన్ రాసింది. ప్రపంచం మొత్తం మీద 75 కోట్ల డాలర్లు దాటిన సినిమా, కొట్టిపారేయడానికి లేదు. అందులో పిలుపు రాకపోవడం కారణం కాదు. ప్రేమించినవాడు మత్తుమందిచ్చి నిద్రపుచ్చి, రాజ్యం కోసం ఆమె రెక్కలు కోసుకుపోతాడు. పొద్దున లేచి వీపు తడుముకుని ఆమె పెట్టే కేక ఉంది చూడు, దానికి ఏ భాషలోనూ మాట రాయక్కర్లేదు.

ఆ సినిమాలో నాకు నచ్చింది రెక్కలు కోయడం కాదు. పాత కథలోని ఒక షరతును రచయిత తిప్పిన పద్ధతి. 1959 కార్టూన్‌లో మంత్రగత్తె చావమని శపిస్తే, ఒక మంచి దేవకన్య దాన్ని నిద్రగా మార్చి, నిజమైన ప్రేమ ముద్దుతో మేలుకుంటుందని సర్దుతుంది. 2014లో ఆ ముద్దు షరతును పెట్టింది మంత్రగత్తే. దయతో పెట్టింది కాదు. నిజమైన ప్రేమ లోకంలో లేదని ఆమెకు రెక్కలు పోయినప్పుడే తెలిసింది, కాబట్టి ఎన్నటికీ తీరని షరతు పెట్టానని ఆమె ధీమా. చివరికి ఆ పిల్లను మేలుకొలిపేది ఆమె పెట్టిన ముద్దే. చూశావా, ఇంట్లో సామాను ఏదీ బయట పారేయలేదు. మంచం అటు తిప్పింది, బీరువా ఇటు జరిపింది, ఇల్లే మారిపోయింది. పాత విలన్‌ను కొత్తగా ఊహించడం అంటే ఇంత పని ఉంది. ఫ్లాష్‌బ్యాక్ ఒకటి తెచ్చి వాకిట్లో పడేస్తే సరిపోదు.

నచ్చనిదీ చెప్తాను. కార్టూన్ చివర్లో ఆమె తనే డ్రాగన్ అయి నిప్పులు కక్కుతుంది. 2014లో ఆ డ్రాగన్ రూపం ఆమె సేవకుడికి, కాకి నుంచి మనిషైన వాడికి వెళ్లిపోయింది. మంచిదాన్ని చేశాం కదా, ఇక నిప్పులెందుకు కక్కించాలని అనుకున్నారేమో. నాకు మాత్రం భోజనానికి పిలిచి పాయసం పక్కవాడి ఆకులో వడ్డించినట్టనిపించింది. అదే సినిమాలో బారసాల సీను చూడు. కార్టూన్‌లోని సీనుకు చాలా దగ్గరగా ఉంచారు, రాజును మోకాళ్ల మీద కూర్చోబెట్టి బతిమాలించుకుంటుంది. ప్రతి మాటా నాలుక మీద పెట్టుకుని చప్పరిస్తున్నట్టు పలుకుతుంది జోలీ. సినిమా అంతటిలో ఆమె ఎక్కువ సంతోషంగా ఉన్నది అక్కడే, మనమూ అక్కడే. చెడ్డతనంలో ఉన్న ఆ రుచి తీసేసి దుఃఖం ఒక్కటే మిగిలిస్తే, ఆమె మీద మనకు జాలి ఉంటుంది కానీ మళ్లీ చూడాలన్న కోరిక ఉండదు.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది, అది చెప్తే నీకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. సినిమా పేరు వద్దు. వేరే భాషలోంచి వచ్చిన ఒక మంత్రాల సినిమాలో విలన్ ఆడమనిషి కిటికీ వైపు తిరిగి ఆరు సెకన్లు నిలబడుతుంది. వీపు కనిపిస్తుంది, పెదాలు కనిపించవు. మా పనిలో వీపు దొరికిందంటే లాటరీ తగిలినట్టే, ఏ మాటైనా పెట్టుకోవచ్చు. ఒరిజినల్‌లో ఆమె మౌనంగా ఉంది. నాకేమో ఆమె మీద జాలి. “నా కడుపుకోత ఎవరికి తెలుసు” అని ఒక మాట అతికించాను. ఆర్టిస్ట్ గొప్పగా పలికింది, థియేటర్‌లో అందరం మెచ్చుకున్నాం. సినిమా విడుదలయ్యాక నెల్లూరులో చూడ్డానికి వెళ్లాను. సరిగ్గా ఆ మాట దగ్గర ముందు బెంచీల్లోంచి ఎవరో “ఎవరికీ తెలీదులే, కానీయ్” అన్నాడు. హాలంతా నవ్వు. అంతవరకూ ఆమెకు భయపడుతున్న జనం ఆ తర్వాత ఒక్కసారి కూడా భయపడలేదు. ఆ ఆరు సెకన్ల మౌనం నేను పాడు చేసినంతగా ఎవరూ పాడు చేయలేరు.

అలాంటి చోట ఏం చేయాలో 2015 ‘సిండ్రెల్లా’ చూస్తే తెలుస్తుంది. కెన్నెత్ బ్రానా తీశాడు, సవతి తల్లి కేట్ బ్లాంచెట్. కార్టూన్‌లో ఎలెనార్ ఆడ్లీ గొంతు ఇచ్చింది ఈ పాత్రకే. గాజు చెప్పు దొరికాక అటకమీద కూర్చుని, అనగనగా ఒక అందమైన పిల్ల అని తన కథే మూడో మనిషి కథలాగా చెబుతుంది. నాలుగు ముక్కల్లో అయిపోతుంది, వేరే సీనుకు వెళ్లి చూపించరు. ఆ తర్వాత సిండ్రెల్లా, నా మీద ఇంత క్రూరత్వం ఎందుకని అడుగుతుంది. నువ్వు చిన్నదానివి, అమాయకురాలివి, మంచిదానివి, నేను... అని ఆగిపోతుంది. ఆ వాక్యం పూర్తి కాదు. గైడ్‌గారికి చూపించాల్సింది ఇది. కారణం ఉంది, చెప్పబోయింది, చెప్పడానికి పౌరుషం అడ్డొచ్చింది.

తెలుగులో ఈ ఆగిపోవడం కొంచెం కష్టం, మాటల పని చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. క్రియ మింగేస్తే ఒక్కోసారి అర్థమే గల్లంతవుతుంది. కానీ మన దగ్గర “నేనేమో” ఉంది. “నువ్వు పసిదానివి, మంచిదానివి. నేనేమో...” అని వదిలేస్తే చాలు. ఆ ‘ఏమో’లో సగం జీవితం ఉంటుంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి: ‘అయినా’, ‘పోనీలే’, ‘మాలాంటివాళ్లం’. నీ స్క్రిప్టులో విలన్ నోట వీటిని దాచుకుంటూ, చోటు చూసి వాడు.

సవతి తల్లి అనగానే గుర్తొచ్చింది. ‘గుండమ్మ కథ’ (1962)లో సూర్యకాంతం ఏం చేసింది? సవతి కూతురు సావిత్రి చేత ఇంటి చాకిరీ అంతా చేయించింది, సొంత కూతురు జమునను గారాబం చేసింది. సిండ్రెల్లా ఇల్లే కదా అది. గుండమ్మ చిన్నప్పుడు ఎవరు కొట్టారో, ఎందుకలా అయిందో చూపించారా? ఎడమ చెయ్యి తిప్పుతూ ఆమె మాట్లాడుతుంటే కారణం అడగాలని కూడా మనకు తోచదు. ఆమె వేసిన పాత్రల దెబ్బకు తెలుగువాళ్లు ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడం మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమా తీసిన విజయా వాహినీ స్టూడియో ఉన్న వడపళని స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది. నువ్వు అక్కడ పాప్‌కార్న్ పట్టుకుని హాలీవుడ్ విలన్‌ను చూసే ఉంటావు. కింద నేలలో మన విలన్లు ఉన్నారని గుర్తుంచుకో.

నీకు ఫ్లాష్‌బ్యాక్ పెట్టక తప్పదనుకో, అప్పుడూ మనవాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు. ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లో శకునికి పెద్ద గతం ఉంది. చెరసాలలో అయినవాళ్లందరూ చనిపోవడం, తండ్రి ఎముకలతో పాచికలు చేసుకోవడం. ధూళిపాళ ఆ పాత్ర వేశారు. అంత దుఃఖం ఉన్నా ఆ శకుని ఎవరి దగ్గరా జాలి అడుక్కోడు. ఆ దుఃఖాన్ని పాచికల్లోకి దించేసి చేతిలో గలగలలాడిస్తాడు. గతం చెప్పాక పాత్ర మెత్తబడిందా, మరింత పదునెక్కిందా అన్నదే చూసుకోవాల్సింది. ‘దానవీరశూరకర్ణ’ (1977)లో ఎన్టీఆర్ సుయోధనుడిని ఎలా తిప్పారో నీకు తెలిసిందే. కొండవీటి వెంకటకవి మాటలు ఇచ్చి, “ఏమంటివి ఏమంటివి” అని నిలదీయించారు. క్షమాపణ లేదు, సంజాయిషీ లేదు. నిండు సభలో పెద్దవాళ్లనే ప్రశ్న అడిగించారు. హాలీవుడ్‌వాళ్లు విలన్ వైపు నుంచి కథ చెప్పడం ఇప్పుడేదో కొత్తగా కనిపెట్టారన్నట్టు మాట్లాడితే నాకు కొంచెం చిరాకు.

జంతువుల్లో కూడా ఒక మంచి ఉదాహరణ ఉంది. 2016 ‘జంగిల్ బుక్’లో షేర్ ఖాన్ పులి. 1967 కార్టూన్‌లో వాడు సగం సినిమా అయ్యాక గానీ తెరమీదకు రాడు. కొత్తదాంట్లో మొదట్లోనే నీటి గుంట దగ్గరికి వస్తాడు, మొహం కాలి ఒక కన్ను పోయి ఉంటుంది. కాల్చింది మోగ్లీ తండ్రి. ఇదీ ఫ్లాష్‌బ్యాకే, కానీ మొహం మీదే ఉంది. తర్వాత ఒక సీనులో తోడేలు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, కోకిల వేరే పిట్ట గూట్లో గుడ్డు పెట్టే సంగతి కథలాగా చెబుతాడు. తల్లి తోడేలు దూరం నుంచి చూస్తూ ఉంటుంది. వాడు ఏమీ చేయడు, కథ చెబుతాడు, అంతే. ఒళ్లు జలదరిస్తుంది. చెడ్డవాడు ముద్దుగా ఉన్నప్పుడే ఎక్కువ భయం. ఆ సినిమా గ్రాఫిక్స్ పనిలో బెంగళూరు కుర్రాళ్లు కూడా ఉన్నారు. విదేశీ పులి అనుకుంటాం గానీ, దాని వెంట్రుకల్లో మన పక్క ఊరి చెమట కొంత ఉంది.

2019 ‘లయన్ కింగ్’లో విలన్ సింహం స్కార్ సంగతి దానికి వ్యతిరేకం. 1994 బొమ్మలో జెరెమీ ఐరన్స్ బద్ధకపు గొంతు, దానికి తగ్గట్టు ఆండ్రియాస్ దేహా గీసిన ఎత్తిన కనుబొమ్మ, వేలాడే పంజా. కొత్తదాంట్లో నిజం సింహంలా ఉండాలని కనుబొమ్మలు తీసేశారు, వ్యంగ్యం కూడా వాటితోనే పోయింది. ఆ సినిమాలో నిజంగా కెమెరాతో తీసింది ఒక్క షాటేనని, మిగతాదంతా కంప్యూటరేనని దర్శకుడు జాన్ ఫావ్రూ చెప్పాడు. అంత కంప్యూటర్ చేతిలో ఉండి ఒక కనుబొమ్మ ఎత్తలేదు. మా డబ్బింగ్‌వాళ్లకు అలాంటి సినిమా సుఖం, సింహం పెదాలతో ప, బ, మ గొడవ పెద్దగా ఉండదు. తెలుగులో స్కార్‌కు రవిశంకర్ గొంతు ఇచ్చారు. మొహంలో లేనిదాన్ని గొంతు మోసింది, తెలుగులో చూసినవాళ్లకు ఆ లోటు కొంత తక్కువ తెలిసిందని నా నమ్మకం.

రవిశంకర్ పేరు వచ్చింది కాబట్టి నీకు పనికొచ్చే మాట. ‘అరుంధతి’ (2009)లో పశుపతి ఒళ్లు సోనూ సూద్‌ది, గొంతు ఈయనది. జనం ఆయన్ను బొమ్మాళి రవిశంకర్ అనే పిలిచేంతగా ఆ గొంతు నిలిచిపోయింది. ఒక విలన్‌ను ఇద్దరు కలిసి చేయడం మనకు మామూలే. నువ్వూ అలా చెయ్. నీ క్లాసులో పొడుగ్గా నిలబడగల అమ్మాయి ఉంటుంది, ఆమె చెయ్యి ఎత్తితే చూడాలనిపిస్తుంది. గొంతు మాత్రం యాభై దాటినామెది తీసుకో, మీ ఇంట్లోనో పక్కింట్లోనో దొరుకుతుంది. ఇరవై ఏళ్ల గొంతులో నిష్ఠూరం పలకదు, అలక పలుకుతుంది. కార్టూన్‌వాళ్ల వరస పాటించి ముందే పెద్దామె గొంతు ఫోన్‌లో రికార్డు చెయ్. షూటింగ్‌లో ఆ ట్రాక్ వినిపిస్తూ అమ్మాయిని నటించమను. పెదాలు వాటంతటవే కలుస్తాయి. మర్చిపోయాను, షూటింగ్ చోట అప్పటికప్పుడు రికార్డయ్యే మాట, అదే పైలట్ ట్రాక్, ఎలాగూ పనికిరాదు, చెన్నై కాకులు ఉండనివ్వవు. మాలెఫిసెంట్ కాకి ఫ్రీగా దొరికిందనుకో.

పాత కార్టూన్‌లో మచ్చల కుక్కల తోలుతో కోటు కుట్టించుకోవాలని చూసినామె మీద వచ్చిన ‘క్రుయెల్లా’ (2021) గురించి కూడా అడుగుతావేమో, రెండు ముక్కలు. ఆ మచ్చల కుక్కలే తల్లిని కొండమీంచి తోసి చంపాయన్న కారణం విని చాలామంది నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కానీ కార్టూన్ క్రుయెల్లాకు ఉన్న బట్టల పిచ్చిని మాత్రం పోనివ్వలేదు, కుక్కతోలు కోటు మీంచి ఫ్యాషన్ మీదకు మళ్లించారు. తెల్లటి ముసుగు అంటుకుని కాలిపోయి లోపలి ఎర్ర గౌను బయటపడే సీను చాలు. ఆ బట్టలకు జెన్నీ బీవన్‌కు ఆస్కార్ వచ్చింది.

ఇక కొమ్ములు. జోలీకి రిక్ బేకర్ బృందం కొమ్ములు, చెంప ఎముకల దగ్గర అతుకులు చేసింది. ఆ వేషంలో ఆమెను చూసి పసిపిల్లలు ఏడుస్తుంటే, భయపడని పిల్ల కావాలని చిన్నప్పటి అరోరాగా ఆమె సొంత కూతురినే పెట్టుకున్నారు. బొమ్మలో అందంగా ఉన్నది ఒంటిమీదకు వస్తే అంత బరువు. నీ బడ్జెట్‌లో, అదీ చెన్నై ఉక్కలో, గమ్ము పెట్టి అతికించింది మధ్యాహ్నానికి జారిపోతుంది. పెట్టి తీరాలంటే ప్యారీస్ కార్నర్ బజారులో ఫోమ్ షీట్ కొని, హెయిర్ బ్యాండ్‌కు బిగించు. నన్నడిగితే వద్దే వద్దు. ఆ కొమ్ములు, ఆ పేరు డిస్నీ కంపెనీవాళ్ల సొత్తు, కాలేజీ బయట ఎక్కడైనా చూపించాలంటే లాయర్‌ను అడగాల్సి వస్తుంది. కథ మాత్రం ఎవరిదీ కాదు. 1697లో ఫ్రాన్స్‌లో పెరో రాసినప్పుడు ఆమె పేరులేని ఒక ముసలి దేవకన్య. 1890లో రష్యాలో బ్యాలే వేసినప్పుడు కరబోస్ అన్నారు, వేసింది ఎన్రికో చెకెట్టి అనే మగాయన. మన స్థానం నరసింహారావుగారు సత్యభామ కట్టినట్టే అనుకో. ఒక్కో కాలంలో ఒక్కో వేషం వేసుకున్న మనిషి ఆమె. నీ కాలంలో చీర కట్టుకుని రావచ్చు.

సీను నా కళ్లకు ఇలా కనిపిస్తోంది, నచ్చితే వాడుకో. కొళత్తూరులోనో పెరంబూరులోనో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్. బారసాల. తలుపు తెరిచే ఉంది. ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తుంది, నిదానంగా, ఒకటి తర్వాత ఒకటి. ఇంటి కోడలు కంగారుగా, “అయ్యో అత్తా, వాట్సాప్ గ్రూప్‌లో వేశాం కదా, చూడలేదా” అంటుంది. “చూశానమ్మా. నూట పన్నెండు మందిలో నేనూ ఒకదాన్ని. బాగుంది.” తర్వాత ఉయ్యాల దగ్గరికి వెళ్లి, చిటికెన వేలు బిడ్డ గుప్పిట్లో పెట్టి, “చెయ్యి మెత్తగా ఉంది. సూదీ అదీ దగ్గర పెట్టకండి” అంటుంది. అంతే. వెండి గిన్నె పెట్టి వెళ్లిపోతుంది. ఆ రాత్రి కోడలు ఇంట్లో ఉన్న సూదులన్నీ ఏరి పారేయడం చూపించు, కుట్టుమిషన్ సూది మర్చిపోయినట్టు చూపించు. రాజుగారు ఊళ్లో రాట్నాలన్నీ తగలబెట్టించిన సీను ఇదే కదా. ఆ అత్తకు నిజంగా శక్తులున్నాయా, మనమే భయపడ్డామా అన్నది నువ్వు తేల్చకు. గైడ్‌గారు మళ్లీ ఫ్లాష్‌బ్యాక్ అంటే, ఆమె గిన్నె ఇచ్చేటప్పుడు “మా వాడికి చేయించింది. అవసరం పడలేదు” అని ఒక్క మాట అనిపించు, ఆమె మొహం మీద కాకుండా గిన్నె మీద కెమెరా పెట్టు.

నవ్వు సంగతి. కార్టూన్‌లో విలన్ ఎంతసేపు నవ్వినా బాగుంటుంది, బొమ్మకు ఊపిరి అందకపోవడం ఉండదు. మనిషి మూడు సెకన్లు దాటి నవ్వితే నటిస్తున్నట్టు తెలిసిపోతుంది. మా పద్ధతి ఏమిటంటే, నవ్వు మొదలవకముందు ముక్కుతో వదిలే గాలి, నవ్వు అయిపోయాక గొంతు సర్దుకునే చప్పుడు, ఈ రెండూ శుభ్రంగా రికార్డు చేసుకుంటాం. మధ్యలో నవ్వు చిటికెడు ఉంటే చాలు. నీ పెద్దామె చేత నవ్వు, అరుపు ఉన్న లూపులు, అంటే విడివిడిగా రికార్డు చేసుకునే చిన్న ముక్కలు, అన్నిటికన్నా చివర్న చెప్పించు. ముందే నవ్వించావంటే గొంతు బొంగురుపోయి, నిష్ఠూరం పలకాల్సిన చోట జలుబు పలుకుతుంది. మధ్య మధ్యలో వేడినీళ్లు ఇవ్వు, టీ వద్దు.